కాలేయానికి ఎన్ని మార్కులు?

ఎస్‌జీపీటీ నలభై లోపే ఉంది కాబట్టి ఇక భయం లేదని ఒకరు ధీమాగా ఉంటారు. మెల్డ్‌ స్కోరు ఇరవై అనగానే అంతా అయిపోయిందని మరొకరు కుంగిపోతారు. దీర్ఘకాలిక కాలేయవ్యాధిలో రెండూ పొరపాట్లే. రక్తపరీక్ష కాగితంలోని అంకెలు విడివిడిగా ఒక మాట చెబుతాయి, కలిపి చదివితే మరో మాట చెబుతాయి. ఆ రెండో మాట తెలిస్తే డాక్టరును ఏమడగాలో తెలుస్తుంది. పోగొట్టుకోకూడని సమయం చేతిలో మిగులుతుంది.

వీరపునాయునిపల్లె మండలంలో ఓ రైతు కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంటిపెద్దకు 52 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా సాయంత్రమైతే మందు తాగే అలవాటు. ఈమధ్య కాళ్లు నీరు పడుతున్నాయి. పొట్ట కాస్త ఉబ్బింది. అన్నం సయించడం లేదు. కొడుకు పట్టుబట్టి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు తీసుకెళ్లాడు. రక్తపరీక్షలు, స్కానింగు అయ్యాయి. సాయంత్రానికి రిపోర్టు చేతికొచ్చింది. తిరుగు బస్సులో పక్కసీటాయన ఆ కాగితం అందుకుని చూశాడు.

‘‘ఎస్‌జీపీటీ 36 గదా మామా... 40 దాకా ఉండొచ్చని పక్కనే రాసినారు. నీ లివరుకేం గాలేదులే!’’

ఇంటికి రాగానే తల్లి అడిగింది. ‘‘ఏమంట నాయనా?’’

‘‘అంతా బాగానే ఉందంటమ్మా.’’

డాక్టరును వచ్చే వారం కలుద్దాంలే అనుకున్నారు. ఆ రాత్రి ఇంట్లో అందరికీ నిద్ర పట్టింది. కానీ అదే కాగితంలో మరో ఏడు అంకెలున్నాయి. ఎస్‌జీఓటీ 64. బిలిరుబిన్‌ 2.4. ఆల్బుమిన్‌ 3.0. ఐఎన్‌ఆర్‌ 1.5. ప్లేట్‌లెట్లు 90 వేలు. క్రియాటినిన్‌ 1.0. సోడియం 130. వాటివైపు ఎవరూ చూడలేదు.

ఇది ఊహే. ఇలాంటి ఇళ్లు మాత్రం ఊహ కాదు.

దెబ్బ వేరు... పని వేరు... మచ్చ వేరు

‘లివర్‌ ఫంక్షన్‌ టెస్ట్‌’ అన్న పేరులోనే ఒక తికమక ఉంది. అందులో అందరూ ముందు చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీలు కాలేయం ఎలా పనిచేస్తోందో చెప్పవు. అవి కాలేయ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. అంటే అవి చెప్పేది ‘ఇప్పుడు ఎంత దెబ్బ తగులుతోంది’ అన్న సంగతే.

కట్టెలు కాలుతున్నంతసేపే పొగ. అన్నీ బూడిదయ్యాక పొగ ఏముంటుంది? ఏళ్ల తరబడి దెబ్బతిని, మచ్చకట్టి గట్టిపడిన కాలేయాన్నే సిర్రోసిస్‌ అంటారు. అందులో కారడానికి మిగిలిన కణాలే తక్కువ. అందుకే జబ్బు బాగా ముదిరినవారిలోనూ ఎస్‌జీపీటీ మామూలుగా కనిపించవచ్చు. ఎస్‌జీఓటీ దాన్ని మించి ఉండటం సిర్రోసిస్‌లో తరచూ కనిపించేదే. రెండింతలు దాటితే వైద్యులు ముందుగా మద్యాన్ని అనుమానిస్తారు.

కాలేయం పని ఎలా ఉందో చెప్పేవి వేరే మూడు. పాత రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే పసుపు పదార్థం బిలిరుబిన్‌. దాన్ని పిత్తంలోకి పంపేది కాలేయమే. అక్కడ పని కుంటుపడితే కళ్లు పచ్చబడతాయి. రక్తంలోని నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచే మాంసకృత్తు ఆల్బుమిన్‌. దాన్ని తయారుచేసేదీ కాలేయమే. అది తగ్గితే కాళ్లు, పొట్ట నీరు పడతాయి. ఇక ఐఎన్‌ఆర్‌... రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె. గడ్డకట్టించే పదార్థాల్లో ఎక్కువభాగం కాలేయంలోనే తయారవుతాయి.

మూడోది మచ్చ. దాని జాడ చెప్పేది ఎవరూ ఊహించని అంకె... ప్లేట్‌లెట్లు! గట్టిపడిన కాలేయంలోంచి రక్తం సాఫీగా పారదు. వెనక్కి తన్నిన ఒత్తిడికి ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే నిలుపుకుంటుంది. ఏళ్ల తరబడి ప్లేట్‌లెట్లు మెల్లగా తగ్గుతూ వస్తుంటే ఒకసారి కాలేయం వైపు చూడాలి.

బంగారం అంగళ్లకు పేరుపడ్డ ఊరు ప్రొద్దుటూరు. అక్కడ ఒక పక్క మెరిసిందని ఎవరూ నగ కొనరు. గీటురాయి మీద గీస్తారు, తూకం వేస్తారు, ఆ తర్వాతే ధర కడతారు. రిపోర్టునూ అలాగే చూడాలి. ఆ పనిని పద్ధతిగా చేయడానికి పుట్టినవే స్కోర్లు.

నాలుగు అంకెలు... ఒక లెక్క

వీటిలో ఇంట్లోనే వేసుకోగలిగింది ‘ఫిబ్‌-4’. కాలేయంలో మచ్చ ఎంత ఉండవచ్చో సూది గుచ్చి ముక్క తీయకుండా అంచనా వేసే పద్ధతి ఇది. 2006లో వెలువడింది. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. వచ్చినదాన్ని ప్లేట్‌లెట్లు, ఎస్‌జీపీటీ వర్గమూలం... ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో వేయాలి. మన ల్యాబుల్లో కొన్ని ‘0.9 లక్షలు’ అని రాస్తాయి. లెక్కలో దాన్ని 90గానే తీసుకోవాలి. చాలామంది పొరపాటుపడేది ఇక్కడే.

మన రైతు సంగతే చూద్దాం. 52ను 64తో గుణిస్తే 3328. ఎస్‌జీపీటీ 36, దాని వర్గమూలం 6. దాన్ని 90తో గుణిస్తే 540. భాగిస్తే సుమారు 6.2. ఈ స్కోరు 1.3 లోపుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్‌ లాంటి పరీక్షతో తేల్చుకోవాలి. బస్సులో ‘ఏం గాలేదులే’ అనిపించుకున్న కాలేయం స్కోరు 6.2!

అయితే ఈ లెక్కను ఎప్పుడు పడితే అప్పుడు వేయకూడదు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ వారంలో లెక్కవేస్తే ఆరోగ్యవంతుడికీ సిర్రోసిస్‌ ఉన్నట్టే వస్తుంది. 35 ఏళ్ల లోపువారిలో దీన్ని అంతగా నమ్మలేం. 65 దాటినవారిలో వయసువల్లే స్కోరు పెరుగుతుంది కాబట్టి వారికి 1.3 బదులు 2ను హద్దుగా తీసుకుంటారు.

చైల్డ్‌ అంటే పిల్లవాడు కాదు

మచ్చ ఉందని తేలాక వచ్చే ప్రశ్న... కాలేయం ఎంతవరకు నెట్టుకురాగలదు? దానికి జవాబుగా రిపోర్టుల్లో ‘చైల్డ్‌ ఎ’, ‘చైల్డ్‌ బి’ అని రాసి ఉంటుంది. పిల్లల జబ్బేమోనని కంగారుపడేవారూ ఉంటారు. చైల్డ్‌ అనేది ఒక సర్జన్‌ ఇంటిపేరు. అమెరికాలోని మిచిగాన్‌ విశ్వవిద్యాలయంలో పనిచేసిన చార్లెస్‌ చైల్డ్‌, ఆయన సహచరుడు టర్కాట్‌ 1964లో ఈ తరగతులను ప్రతిపాదించారు. సిర్రోసిస్‌ ఉన్నవారికి ఆపరేషన్‌ చేస్తే తట్టుకుంటారా లేదా అన్నది వారి ప్రశ్న. 1973లో లండన్‌ కింగ్స్‌ కాలేజ్‌ ఆస్పత్రికి చెందిన ప్యూ బృందం దాన్ని సవరించింది. అందుకే పూర్తి పేరు చైల్డ్‌-ప్యూ.

ఇందులో ఐదు అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. బిలిరుబిన్‌ 2 లోపుంటే 1, 3 వరకు 2, అది దాటితే 3. ఆల్బుమిన్‌ 3.5 పైన 1, 2.8 వరకు 2, అంతకన్నా తగ్గితే 3. ఐఎన్‌ఆర్‌ 1.7 లోపు 1, 2.3 వరకు 2, ఆపైన 3. పొట్టలో నీరు లేకపోతే 1, కొద్దిగా ఉంటే 2, ఎక్కువుంటే 3. మెదడు మసకబారడం లేకపోతే 1, కొద్దిగా ఉంటే 2, స్పృహ తప్పేదాకా వస్తే 3. బడిలో మార్కులకు ఇది తలకిందులు. ఎంత తక్కువొస్తే అంత మంచిది. 5-6 వస్తే ‘ఎ’, 7-9 ‘బి’, 10-15 ‘సి’.

మన రైతుకు బిలిరుబిన్‌ 2, ఆల్బుమిన్‌ 2, ఐఎన్‌ఆర్‌ 1, పొట్టలో కొద్దిపాటి నీరు 2, తెలివి బాగానే ఉంది కాబట్టి 1. మొత్తం 8. అంటే ‘బి’. వైద్య పుస్తకాల్లోని పాత అంచనా ప్రకారం ఏడాది తర్వాత బతికుండేవారు ‘ఎ’లో దాదాపు అందరూ, ‘బి’లో నూటికి 80 మంది, ‘సి’లో 45 మంది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. నూటికి 80 అన్నది గుంపు లెక్క. మీ నాన్న ఆ 80 మందిలో ఉంటాడా, మిగతా 20 మందిలోనా అన్నది అది చెప్పదు. ఆ గుంపులో తాగుడు మానినవారూ మాననివారూ ఉన్నారు. వైద్యం అందినవారూ అందనివారూ ఉన్నారు. స్కోరు జాతకం కాదు. ఈ రోజున ఎక్కడ నిలబడ్డామో చెప్పే మైలురాయి.

క్యూలో ముందెవరు?

మెల్డ్‌ స్కోరు వెనుక పెద్ద న్యాయం ప్రశ్నే ఉంది. దానమిచ్చిన కాలేయం ఒకటి. దానికోసం చూస్తున్నవారు వందలమంది. ఎవరికివ్వాలి? అమెరికాలో 2002కు ముందు జాబితాలో ఎంతకాలంగా ఉన్నారన్నదానికి చాలా ప్రాధాన్యం ఉండేది. ముందుగా పేరు రాయించుకున్నవారికి అనుకూలం. ఆలస్యంగా వచ్చి, ప్రాణం మీదికి తెచ్చుకున్నవారికి అన్యాయం. పైగా పొట్టలో నీరు ‘కొద్దిగా’నా ‘ఎక్కువ’నా అన్నది చూసే డాక్టరును బట్టి మారేది.

దీనికి పరిష్కారం మరో పనికోసం చేసిన లెక్కలో దొరికింది. కాలేయంలో రక్తపు ఒత్తిడి తగ్గించడానికి గొట్టం అమర్చే చికిత్స ఒకటుంది. దాని తర్వాత ఎవరికి ప్రమాదం ఎక్కువో అంచనా వేసేందుకు మేయో క్లినిక్‌ పరిశోధకులు 2000లో ఓ సూత్రం ప్రచురించారు. పాట్రిక్‌ కామత్‌ తదితరులు దాన్ని అన్నిరకాల కాలేయ రోగులకూ పరీక్షించి చూశారు. 2002 ఫిబ్రవరి నుంచి అమెరికాలో అవయవ కేటాయింపునకు అదే ప్రాతిపదిక అయింది.

బిలిరుబిన్‌, ఐఎన్‌ఆర్‌, క్రియాటినిన్‌... ఈ మూడే సరుకు. మూడూ ల్యాబులో తేలేవే, ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు. స్కోరు 6 నుంచి 40 వరకు ఉంటుంది. లెక్క చేతితో తేలేది కాదు, ఫోన్లో వేసుకోవచ్చు. అమెరికాలో అప్పట్లో గమనించిన ప్రకారం మూడునెలల్లో చనిపోయే ప్రమాదం 10 నుంచి 19 మధ్య ఉన్నవారిలో నూటికి ఆరుగురికి, 20-29లో ఇరవైమందికి, 30-39లో సగానికి పైగా. స్కోరు 15కు చేరితే కాలేయమార్పిడి గురించి మాట్లాడటం మొదలుపెట్టాలన్నది వైద్యుల సాధారణ సూత్రం.

మన రైతుకు ఈ మూడింటితో వచ్చేది 14. గీతకు ఇవతలే! కానీ సోడియం 130 మాటేమిటి? ముదిరిన సిర్రోసిస్‌లో ఒంట్లో నీరు నిలిచిపోయి రక్తంలో సోడియం పలచబడుతుంది. అది రాబోయే ప్రమాదానికి ముందస్తు గుర్తు. అందుకే 2016 నుంచి అమెరికాలో సోడియంనూ కలిపారు. ఆ లెక్కన ఆయన స్కోరు 20. ఒక్క అంకె చేర్చితే ఆరు మార్కులు మారాయి. మార్పిడి చేసే కేంద్రానికి ఒకసారి వెళ్లి మాట్లాడాల్సిన స్థితి అది.

ఆడవాళ్లకు తగ్గిన న్యాయం

మెల్డ్‌లోనూ ఓ లోపం బయటపడింది. క్రియాటినిన్‌ కండరాల నుంచి పుడుతుంది. మహిళల్లో కండరం తక్కువ కాబట్టి మూత్రపిండాలు అంతే దెబ్బతిన్నా వారి క్రియాటినిన్‌ తక్కువగానే కనిపిస్తుంది. స్కోరు తగ్గుతుంది. క్యూలో వెనకబడతారు. ఈ తేడాను సరిచేయడానికి ‘మెల్డ్‌ 3.0’ వచ్చింది. ఇందులో మహిళలకు అదనపు మార్కులు కలుపుతారు, ఆల్బుమిన్‌నూ లెక్కలోకి తీసుకుంటారు. అమెరికాలో ఇది 2023 జులైలో అమల్లోకి వచ్చింది.

మనకు ఇందులో మరో పాఠం ఉంది. జబ్బుతో కండ కరిగిపోయి బక్కచిక్కిన మగవారికీ ఇదే మోసం జరుగుతుంది. క్రియాటినిన్‌ 1.0 అని ఉన్నంత మాత్రాన మూత్రపిండాలు భద్రమని అనుకోలేం.

మనదేశంలో అవయవ మార్పిడికి చట్టం 1994లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరణానంతర అవయవదానాల కోసం జీవన్‌దాన్‌ కార్యక్రమం 2013లో మొదలైంది. అయినా మనదగ్గర కాలేయమార్పిడుల్లో ఎక్కువభాగం బతికున్న కుటుంబసభ్యులు తమ కాలేయంలో కొంత ఇవ్వడంవల్ల జరిగేవే. అలాంటి ఇళ్లలో స్కోరు అడిగే ప్రశ్న ‘ముందెవరు’ అని కాదు. ‘ఎప్పుడు’ అని. మరీ ముందే అయితే ఇద్దరిని అనవసరంగా కత్తికి అప్పగించినట్టు. మరీ ఆలస్యమైతే రోగి ఆపరేషన్‌ తట్టుకోలేడు.

స్కోరు కంటికి కనిపించనివి

‘చైల్డ్‌ ఎ’ వచ్చినవారికీ కాలేయంలో క్యాన్సర్‌ గడ్డ మొలవవచ్చు. అందుకే సిర్రోసిస్‌ ఉన్నవారు ఆరునెలలకోసారి అల్ట్రాసౌండ్‌ చేయించుకోవాలి. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి, పగిలి రక్తం కక్కుకునే ప్రమాదమూ స్కోరులో కనిపించదు. దానికి ఎండోస్కోపీ కావాలి.

ఇంట్లోవాళ్ల కళ్లు చూసేవీ కొన్నుంటాయి. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. మాట తడబాటు. చేతులు చాస్తే అరచేతులు పక్షి రెక్కల్లా ఊగడం. మెదడు మసకబారుతోందనడానికి ఇవి తొలి గుర్తులు. ల్యాబులో పట్టుబడవు. తల్లో, భార్యో గమనించి చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది. చైల్డ్‌-ప్యూ ఐదు మార్కుల్లో ఒకదాన్ని వేసేది నిజానికి ఇంటివారే!

మార్కులు మార్చుకోవచ్చు

స్కోరు పెరిగేదే కాదు, తగ్గేది కూడా. అసలు కారణాన్ని ఆపితే కాలేయం కొంత కోలుకుంటుంది. మద్యమే కారణమైతే పూర్తిగా మానేసిన మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందిలో తేడా కనబడుతుంది. తగ్గించడం కాదు, మానడమే. ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్స్‌ రావచ్చు. కాబట్టి ఆ పని డాక్టరు పర్యవేక్షణలో జరగాలి.

హెపటైటిస్‌-బి కారణమైతే రోజుకో మాత్రతో వైరస్‌ను అణచి ఉంచవచ్చు. హెపటైటిస్‌-సిని నెలల వ్యవధిలోనే నయం చేసే మాత్రలున్నాయి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. బి రాకుండా టీకా ఉంది. తొలి దేశీయ రీకాంబినెంట్‌ హెపటైటిస్‌-బి టీకాను 1997లో తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్సే. తాగుడు లేకున్నా మధుమేహం, స్థూలకాయంవల్ల కొవ్వు పేరుకుని వచ్చే జబ్బుకు బరువు, చక్కెర అదుపే మందు.

పథ్యం పేరిట కడుపు మాడ్చడం మరో ప్రమాదం. కాలేయ రోగికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు మానిపించకూడదు. రాత్రి పడుకునే ముందు కూడా కొంత తినాలి. పొట్టలో నీరుంటే తగ్గించాల్సింది ఉప్పు. అంటే ఊరగాయలు, అప్పడాలు. సంగటి, పప్పు కాదు.

కామెర్లనగానే పసరు వైపు పరిగెత్తేవారూ ఉన్నారు. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. మచ్చకట్టిన కాలేయానికి ఆ వారాలే విలువైనవి. మోకాళ్ల నొప్పికి వేయించుకునే సూదులు, డైక్లోఫెనాక్‌ లాంటి మాత్రలు మరీ ప్రమాదం. సిర్రోసిస్‌ ఉన్నవారిలో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దాంతో క్రియాటినిన్‌ పెరుగుతుంది, మెల్డ్‌ ఎగబాకుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక...

* ఒక్క కాగితాన్ని చూసి తీర్మానించకండి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టండి. స్కోరుకన్నా అది పోతున్న దారి ముఖ్యం. ఆరునెలలుగా 12 దగ్గర నిలిచినవారూ, నెలలో 12కు ఎగబాకినవారూ ఒకటి కాదు.

* జ్వరం, ఇన్‌ఫెక్షన్‌, రక్తవాంతులు ఉన్న రోజుల్లో తీసిన స్కోరు తాత్కాలికం కావచ్చు. తగ్గాక మళ్లీ చూడాలి.

* రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఐఎన్‌ఆర్‌ దానివల్లే పెరుగుతుంది. పిత్తనాళంలో రాయి ఉన్నా బిలిరుబిన్‌ పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

* డాక్టరును అడగాల్సినవి నాలుగు: జబ్బుకు కారణమేమిటి? ఇప్పుడు ఏ తరగతి? కిందటిసారికన్నా పెరిగిందా, తగ్గిందా? మార్పిడి కేంద్రానికి ఎప్పుడు వెళ్లాలి?

మళ్లీ ఆ ఇంటికి...

ఆ కొడుకు వారం ఆగకుండా మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాడనుకుందాం. తండ్రి ఆరోజు నుంచే మందు ముట్టలేదనుకుందాం. నీరు తగ్గే మాత్రలు, తగ్గించిన ఉప్పు, వేళకు తిండి. ఆరునెలలకు మళ్లీ అదే ల్యాబు. బిలిరుబిన్‌ 1.4, ఆల్బుమిన్‌ 3.4, ఐఎన్‌ఆర్‌ 1.3, సోడియం 136. క్రియాటినిన్‌ అంతే. పొట్టలో నీరు లేదు. చైల్డ్‌-ప్యూ 8 నుంచి 6కు దిగింది, ‘బి’ నుంచి ‘ఎ’కు. మెల్డ్‌ 20 నుంచి 11కు.

అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కొందరికి మానేసినా స్కోరు దిగదు, మార్పిడి ఒక్కటే దారి అవుతుంది. అప్పుడూ ముందుగా తెలిసినవారికే వెసులుబాటు. మచ్చ పూర్తిగా పోయిందనీ కాదు. ఆరునెలలకోసారి స్కానింగు తప్పదు, మందు గ్లాసు మళ్లీ పట్టడానికి లేదు. కానీ ఆ సాయంత్రం గడపలో అడుగుపెట్టిన కొడుకును తల్లి అడిగే ప్రశ్న మాత్రం మారుతుంది.

‘‘ఈసారి ఎంతొచ్చింది నాయనా?’’

‘‘తగ్గిందమ్మా. పదకొండు.’’